తాత లీవర్ యాక్షన్ రైఫిల్: హైదరాబాద్‌లో తుప్పు తీసి బాగుచేసేవాళ్ళు ఉన్నారా?

మెహిదీపట్నం_మనవడు
మా తాతది ఒక పాత రైఫిల్ ఉంది. ట్రిగ్గర్ కింద ఉండే కడ్డీని కిందికి లాగి మళ్ళీ పైకి మూస్తే తూటా ఎక్కే రకం. తాత ఆదిలాబాద్ వైపు కలప కాంట్రాక్టులు చేసేవాడు, అక్కడ ఎవరో దొర దగ్గర కొన్నాడట. లైసెన్స్ తాత పేరు మీదే ఉండేది. ఆయన పోయాక నాన్న దాన్ని ఆబిడ్స్‌లో ఒక డీలర్ దగ్గర డిపాజిట్ చేశాడు, రసీదు ఉంది. మొన్న చూడడానికి వెళ్తే ప్రాణం ఉసూరుమంది. బారెల్ మీద ఎర్ర తుప్పు, వెనక కట్టెలో పగులు, తూటాలు దూర్చే పక్క తలుపు లోపలికి పడిపోయి ఉంది. బారెల్ మీద "కింగ్స్ ఇంప్రూవ్‌మెంట్ పేటెంటెడ్ మార్చి 29 1866, అక్టోబర్ 16 1860" అని చెక్కి ఉంది. అంటే 1866లో తయారైందన్నమాట. ఇది చాలా అరుదైనది కదా?

అక్కడి పనివాడు బఫింగ్ కొట్టి (తిరిగే గుడ్డ చక్రంతో రుద్ది మెరిపించి) కొత్తగా నలుపు ఎక్కిస్తానంటున్నాడు. నాన్న సరే అనేశాడు. నాకే మనసొప్పట్లేదు. ఎవరైనా ఇలాంటిది చేయించారా? ఎంతవుతుంది?

కారం_దోశ
బఫింగ్ కొట్టించి కొత్తగా చేయించుకుంటే తప్పేముంది? మీ నాన్న మాటే కరెక్ట్. తుప్పు ముద్దని ఎవడు చూస్తాడు.

పాతసామాన్ల_పిచ్చి
వద్దు వద్దు వద్దు. మనవడు బ్రో, ఆ పనివాడికి ఇవాళే ఫోన్ చేసి ఆపించు. ఫొటోలు పెట్టు.

తిరుమలగిరి_సుబేదార్
సైన్యంలో ఆయుధాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా చేసి రిటైరయ్యాను. తుప్పు సంగతి తర్వాత. అది ఖాళీగా ఉందని ఎవరైనా చూశారా? బారెల్ కింద గొట్టంలో వరసగా తూటాలు పట్టే తుపాకీ అది. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న గొట్టంలో స్ప్రింగ్ తుప్పుకి బిగుసుకుపోయి, తూటాలు లోపలే ఉండిపోతాయి. లీవర్ ఆడిస్తే ఏమీ రాలేదు కాబట్టి ఖాళీ అనుకోకూడదు. తూటా ఇరుక్కుని ఉండొచ్చు. నువ్వు ఆడించొద్దు, మీ నాన్న ఆడించొద్దు. డీలర్ దగ్గర చేయి తిరిగినవాడితో గొట్టం విప్పించి చూపించుకో. అది తేలాకే మిగతా మాటలు.

మెహిదీపట్నం_మనవడు
అయ్యో, అది అస్సలు ఆలోచించలేదు సార్. రేపే అడుగుతా.

@పాతసామాన్ల_పిచ్చి ఫొటోలు పెట్టాను. పైన తోక భాగంలో (కట్టె మీదికి సాగే ఇనుప పట్టీ మీద) సన్నగా "మోడల్ 1873" అని కనిపిస్తోంది. మరి బారెల్ మీద 1866 ఎందుకుంది?

పాతసామాన్ల_పిచ్చి
అవి పేటెంట్ తేదీలు, తయారైన ఏడు కాదు. పక్క నుంచి తూటాలు దూర్చే తలుపుకి నెల్సన్ కింగ్ తెచ్చిన పేటెంట్ 1866ది. దానికి ముందు 1860లో హెన్రీ రైఫిల్ పేటెంట్. అంతకుముందు గొట్టం ముందు నుంచి తూటాలు నింపేవాళ్ళు. నీది వించెస్టర్ 1873. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో తయారైంది. మోడల్ 1866 అయితే మధ్య భాగం పసుప్పచ్చగా కంచులా ఉండేది, అందుకే దాన్ని ఎల్లో బాయ్ అంటారు. 1873కి ఆ భాగం మొదట్లో ఇనుము, తర్వాత ఉక్కు. తూటాని పైకెత్తే లోపలి దిమ్మె మాత్రం ఇత్తడిది. ఫొటోలో అది తళుక్కుమంటోంది చూడు.

ఇక "అరుదు" సంగతి. 1873 మోడల్ మొత్తం 7 లక్షల 20 వేలకు పైగా తయారయ్యాయి, 1920ల మొదట్లో గానీ ఆగలేదు. ప్రపంచంలో అరుదు కాదు. హైదరాబాద్‌లో అరుదే.

డాలస్_బాబాయ్
మాకిక్కడ గన్ షోలో వీటిని బల్లల మీద పరిచి పెడతారు. అసలు అరుదైనవి "వన్ ఆఫ్ వన్ థౌజండ్" అని బారెల్ మీద చెక్కినవి. బాగా గురి కుదిరిన బారెళ్ళకు ఆ పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్మారు. పేరులో వెయ్యి ఉంది గానీ, 1873 మోడల్‌లో అలాంటివి మొత్తం తయారైంది 130 చిల్లరే. మీ బారెల్ మీద అలా ఏమైనా ఉందా?

మెహిదీపట్నం_మనవడు
లేదు బాబాయ్ :( ఉంటే మెహిదీపట్నంలో ఎందుకుంటాను, జూబ్లీహిల్స్‌లో ఉండేవాణ్ణి.

ఇరానీ_చాయ్
వందేళ్ళు దాటిన తుపాకీకి లైసెన్స్ అక్కర్లేదు కదా? అది యాంటిక్. ఇంటికి తెచ్చేసుకో, రసీదు గోల ఎందుకు. మా ఫ్రెండ్ వాళ్ళింట్లో హాల్లోనే గోడకు ఒకటి వేలాడుతూ ఉంటుంది.

డాలస్_బాబాయ్
అవును, ఇక్కడ 1898 లోపు తయారైనవి ఫెడరల్ చట్టం ప్రకారం యాంటిక్. తుపాకీ లెక్కలోకే రావు.

లక్డీకాపూల్_లాయర్
బాబాయ్, మీ డాలస్ చట్టం డాలస్ దాటి రాదు. @ఇరానీ_చాయ్ చెప్పింది వింటే మనవడు చంచల్‌గూడ జైల్లో తేలతాడు. కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 45 అని ఒకటుంది, కొన్నిటికి మినహాయింపు ఇస్తుంది. అందులో పాతబడిన నమూనా ఆయుధాలు, పురాతన విలువ ఉన్నవి, పాడైపోయినవి అని ఉంటుంది. అందరూ అక్కడిదాకా చదివి ఆగిపోతారు. ఆ వాక్యం చివర అసలు మెలిక ఉంది: రిపేర్ చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. మ్యూజియంలో ఉండే తుప్పు గొట్టానికి అది వర్తించొచ్చు. మనవడి తుపాకీ ఇత్తడి తూటా వాడే రైఫిల్. స్ప్రింగ్ మార్చి, తుప్పు తీస్తే పేలుతుంది. వయసు ఎంతైనా లైసెన్స్ తప్పదు. లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ళు, ఐదేళ్ళ దాకా వేయొచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. తుపాకీ రిపేర్‌కి కూడా లైసెన్స్ ఉండాలి, సెక్షన్ 5. పాత బైక్‌లు బాగుచేసే దోస్త్ ఉన్నాడు కదా అని అతని షెడ్డుకి పట్టుకెళ్ళావో, లైసెన్స్ లేని రిపేర్‌కి శిక్ష ఏడేళ్ళ నుంచి మొదలవుతుంది. డీలర్ దగ్గర పనిచేసే వ్యక్తి ఆ డీలర్ లైసెన్స్ కింద చేస్తున్నాడా, ఆ లైసెన్స్‌లో రిపేర్ అనే మాట ఉందా, అడిగి చూడు.

ఇరానీ_చాయ్
వామ్మో. మా ఫ్రెండ్‌కి చెప్తాను.

లక్డీకాపూల్_లాయర్
చెప్పు. ముందు ఆ గోడ మీదది దింపమను. నిజంగా పనికిరానిదో కాదో వాడు తేల్చుకోకూడదు, లైసెన్సింగ్ అధికారి దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

మెహిదీపట్నం_మనవడు
లాయర్ గారూ, మరి మా పేరు మీదికి మార్చుకోవడం ఎలా?

లక్డీకాపూల్_లాయర్
ఆయుధాల నిబంధనలు 2016లో 25వ నిబంధన వారసులకు సంబంధించింది. లైసెన్స్‌దారు చనిపోయాక వారసుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బతికి ఉండగానే కూడా ఇవ్వొచ్చు: ఆయనకు 70 ఏళ్ళు నిండినా, తుపాకీ 25 ఏళ్ళుగా ఆయన దగ్గర ఉన్నా, ఏది ముందైతే అది. మీ నాన్నగారు దరఖాస్తు పెట్టాలి, పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని రాయించి తేవాలి. ఇంకోటి, మీ నాన్నగారికి ఇప్పటికే తుపాకులు ఉన్నాయా? 2019 తర్వాత ఒక మనిషికి రెండే. అంతకుముందు మూడు ఉండేవి.

డిపాజిట్ చేసి మీ నాన్న మంచి పని చేశారు. చాలామంది తాత పోయాక ట్రంకు పెట్టెలో పెట్టి మర్చిపోతారు.

మెహిదీపట్నం_మనవడు
నాన్నకి వేరే తుపాకీ లేదు. సమస్యల్లా "మిగతా వారసులు" అన్న మాట. మా చిన్న బాబాయ్ సంతకం పెట్టడు. శంకర్‌పల్లి దగ్గర జాగా పంపకం తేలేదాకా దేని మీదా సంతకం పెట్టనని ఒట్టేసుకున్నాడు.

కారం_దోశ
😂😂 తుపాకీ తుప్పు సుబేదార్ గారు తీస్తారేమో గానీ బాబాయ్ తుప్పు ఎవడు తీస్తాడు

సికింద్రాబాద్_శీను
మా ఇంట్లో సేమ్ టు సేమ్. మా పెద్దమ్మ బంగారం కోసం సంతకం ఆపింది. బాబాయ్‌కి ఒక మాట చెప్పు: లైసెన్స్ ఎవరి పేరు మీదికీ మారకపోతే తుపాకీ అక్కడే పడి ఉంటుంది, ఏదో ఒక రోజు అమ్మేయాలి, లేదా సర్కారుకి పోతుంది. జాగా ఎక్కడికీ పోదు కదా.

ఉట్నూర్_కుర్రోడు
లీవర్ తుపాకీ అంటే గుర్తొచ్చింది. మా ఊరి దొర గడీలో కూడా కింద కడ్డీ లాగేది ఒకటి ఉండేదని మా నాయన చెప్తుండె. అది కూడా వించెస్టరేనా? ఒక్కో తూటా చేత్తో పెట్టేదంట.

పాతసామాన్ల_పిచ్చి
ఒక్కోటి పెట్టేదంటే బహుశా మార్టిని-హెన్రీ. బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకుంది. దానికీ కింద కడ్డీ ఉంటుంది గానీ గొట్టంలో తూటాలు ఉండవు. కడ్డీ లాగితే వెనక దిమ్మె కిందికి దిగుతుంది, తూటా పెట్టి మూయాలి. చూడగానే తేడా తెలుస్తుంది, వించెస్టర్‌కి బారెల్ కింద ఇంకో గొట్టం ఉంటుంది.

ఇంకో ముచ్చట. మార్టిని తూటా .577/450. ఆ సైజు తూటాలు తిరుగుబాటుదార్ల చేతిలో పడతాయని 1907లో బ్రిటిష్ వాళ్ళు .450 రైఫిళ్ళు, తూటాలు ఇండియాకు తేవడమే ఆపేశారు. షికారు చేసే దొరలందరూ లబోదిబోమన్నారు. దాంతో లండన్ కంపెనీలు .470 లాంటి కొత్త సైజులు పుట్టించాయి. మన దగ్గర జమీందార్ల ఇళ్ళలో కనిపించే ఆ విచిత్రమైన సైజుల వెనక కథ ఇదే.

డాలస్_బాబాయ్
1877లో ప్లెవ్నా (ఇప్పుడు బల్గేరియాలో ఉంది) దగ్గర తుర్కులు వించెస్టర్ 1866లతో రష్యన్ సైన్యాన్ని పట్టి ఆపారు. దూరంలో ఉన్నప్పుడు పీబాడీ-మార్టిని రైఫిళ్ళతో కొట్టి, దగ్గరకొచ్చేసరికి వించెస్టర్ అందుకున్నారు.

కారం_దోశ
బాబాయ్ మళ్ళీ మొదలెట్టాడు. మనవడి తుప్పు సంగతి చూడండి స్వామీ.

మెహిదీపట్నం_మనవడు
సుబేదార్ సార్, డీలర్ గొట్టం విప్పించి చూపించారు. మీరు చెప్పినట్టే స్ప్రింగ్ బిగుసుకుపోయి ఉంది. తూటాలు లేవు, ఒక చచ్చిన సాలీడు, బోలెడంత పొడి రాలింది. ఇత్తడి దిమ్మె కింద "44 కేల్" అని ఉంది. ఇప్పుడు చెప్పండి.

నాన్న మాత్రం ఇంకా బఫింగ్ అనే అంటున్నాడు. "ఎవరైనా వస్తే చూపించుకునేలా ఉండాలి కదరా" అంటాడు.

తిరుమలగిరి_సుబేదార్
మంచిది. ఖాళీ అని తేలింది. అంటే .44-40 అనే సైజు తూటాది.

ముందు నాన్నగారి సంగతి. ఆయనకి ఈ మూడు చూపించు. నీది ఎనిమిది పలకల బారెల్. పలకకీ పలకకీ మధ్య అంచు గోరుతో తగిలేంత పదునుగా ఉంటుంది. బఫింగ్ చక్రం తగిలిందంటే ముందు పోయేది ఆ అంచులే, గుండ్రమైపోతాయి. రెండోది స్క్రూ రంధ్రాలు. చక్రం గుడ్డ వాటి చుట్టూ గుంట పెడుతుంది, ఆ తర్వాత ఏ స్క్రూ పెట్టినా సాసర్‌లో పెట్టినట్టు లోపలికి కనిపిస్తుంది. మూడోది ఆ పేటెంట్ అక్షరాలు, తోక మీద మోడల్ పేరు, అడుగున సీరియల్ నంబర్. నూట ముప్పై, నూట నలభై ఏళ్ళు ఆగిన అక్షరాలు ఒక్క సాయంత్రంలో చెరిగిపోతాయి. నంబర్ చెరిగితే అది పురాతన విలువ సమస్య మాత్రమే కాదు, లాయర్ గారిని అడుగు.

లక్డీకాపూల్_లాయర్
తుపాకీ మీద గుర్తింపు నంబర్ చెరిపేయడం విడిగా నేరం. నంబర్ లేని తుపాకీ లైసెన్స్ మార్పిడికి తీసుకెళ్తే ఆఫీసులో ముందు అడిగేది అదే. "బఫింగ్‌లో పోయింది సార్" అంటే నమ్మేవాడు ఎవడు?

తిరుమలగిరి_సుబేదార్
ఇక నలుపు. ఇప్పుడు వర్క్‌షాపుల్లో చేసేది వేడి ఉప్పు ద్రావణం, కాస్టిక్ సోడా వేసి మరిగిస్తారు. ఒక్కరీతిన నిగనిగలాడే నలుపు వస్తుంది. ఆ కాలపు బారెల్ నీలం వేరు. కావాలని సన్నగా తుప్పు పట్టించి, నీళ్ళలో మరిగించి, రుద్ది, మళ్ళీ మళ్ళీ అదే చేస్తూ తెచ్చిన లోతైన నీలం. తెలిసినవాడు గది అవతలి నుంచే తేడా చెప్తాడు.

ఎర్ర తుప్పు, గోధుమ రంగు రెండూ ఒకటి కాదు. వేలితో రుద్దితే పొడి అంటేది ఎర్ర తుప్పు, అది ఇంకా తింటూనే ఉంది, దాన్ని ఆపాలి. అంటకుండా నున్నగా గోధుమ-బూడిద రంగులో ఉన్నది ఉక్కుకి పట్టిన వయసు, దాన్ని ముట్టుకోవద్దు. పని చాలావరకు అంతే.

కెమిస్ట్రీ_అక్క
సుబేదార్ గారు చెప్పినదాని వెనక రసాయనం ఇది. ఎర్ర తుప్పు వదులుగా, రంధ్రాలతో ఉంటుంది, తేమ పీల్చుకుని కింది ఇనుముని ఇంకా తినిపిస్తుంది. అదే తుప్పుని నూనె జిడ్డు లేకుండా చేసి మరిగే నీళ్ళలో ఉంచితే నల్ల ఐరన్ ఆక్సైడ్‌గా, అంటే మాగ్నటైట్‌గా మారుతుంది. అది గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది, ఎర్రదానిలా పొడి రాలదు. పైన మిగిలిన నల్ల మసిని నాలుగు సున్నాల (చాలా సన్నటి) స్టీల్ ఊల్‌తో మెల్లగా తుడిచేస్తారు. అంటే తుప్పుని గీకి పారేయకుండా అక్కడికక్కడే మార్చేస్తున్నారు, ఇనుము పోదు.

ఒక్కటి మాత్రం. మంజీరా నీళ్ళూ వద్దు, బోరు నీళ్ళు అసలే వద్దు. మన బోరు నీళ్ళలో ఉప్పులన్నీ ఉంటాయి, మచ్చలు పడి కొత్త తుప్పు మొదలవుతుంది. పెట్రోల్ బంకులో బ్యాటరీకి అమ్మే డిస్టిల్డ్ వాటర్ చాలు.

సికింద్రాబాద్_శీను
అక్కా, నిమ్మకాయ ఉప్పు? వెనిగర్? యూట్యూబ్‌లో అందరూ వెనిగర్‌లో నానబెడతారు.

కెమిస్ట్రీ_అక్క
పాత రెంచికి ఓకే. ఆమ్లం తుప్పుతో పాటు మిగిలిన నీలాన్నీ తినేస్తుంది, ఉక్కు బూడిద రంగులో బోసిగా బయటపడుతుంది. బారెల్ మీద ఎక్కడైనా అసలు నీలం మిగిలి ఉంటే (తలుపు పక్కన, పట్టీల కింద ఎక్కువగా మిగులుతుంది) అది కూడా పోతుంది.

రంపంపొట్టు
కట్టె పని నాది కాబట్టి నోరు విప్పుతున్నా. ఫొటోలో పగులు తోక వెనక నుంచి మొదలైంది. ఈ తుపాకులకి పగులు అక్కడే వస్తుంది. అది అమెరికన్ వాల్‌నట్. ఏళ్ళుగా పైనుంచి కారిన నూనె ఆ భాగంలో కట్టెలోకి ఇంకి ఉంటుంది. నూనె తాగిన కట్టెకి ఏ జిగురూ పట్టదు. అందరూ ఫెవికాల్ పూసి క్లాంప్ బిగిస్తారు, నెలలోపే మళ్ళీ నోరు తెరుస్తుంది. ముందు నూనె లాగాలి. సన్నటి సుద్ద పొడిని అసిటోన్‌లో ముద్దలా కలిపి పగులు మీద పెడితే, అసిటోన్ ఎగిరిపోతూ నూనెని సుద్దలోకి లాగుతుంది. సుద్ద పచ్చబడితే నూనె వస్తున్నట్టు. తెల్లగా ఉండేదాకా మళ్ళీ మళ్ళీ. తలుపులు తెరిచి చేయండి, పొయ్యి దగ్గర్లో ఉండకూడదు.

శాండ్‌పేపర్ వద్దు. ఇనుము అంచుకి కట్టె ఒక వెంట్రుక మందం ఎత్తుగా ఉంటుంది కొత్తప్పుడు. రుద్దితే కిందికి దిగిపోతుంది, ఇంక వెనక్కి తేలేం. చిన్న సొట్టలకి తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె తాకిస్తే ఆవిరికి కట్టె పొంగి పైకి లేస్తుంది. పై మెరుపుకి అవిసె నూనె, అరచేత్తో రుద్దుతూ. పాలిష్ షాపు వార్నిష్ పెడితే డైనింగ్ టేబుల్ అవుతుంది.

మెహిదీపట్నం_మనవడు
తాత దీనికి కొబ్బరి నూనె రాసేవాడని నానమ్మ చెప్పింది. మంచిదేనా?

కెమిస్ట్రీ_అక్క
అయ్యో. కొబ్బరి నూనె మన చలికాలంలోనే గడ్డకడుతుంది, పాతబడితే ఆమ్లం అవుతుంది, దుమ్ము పట్టి జిగురు అవుతుంది. లోపల స్ప్రింగ్ బిగుసుకుపోవడంలో దాని వాటా ఉండే ఉంటుంది. కుట్టు మిషన్ నూనె నయం. పైన ఉక్కుకి సన్నటి మైక్రోక్రిస్టలైన్ మైనం ఇంకా మేలు. రెనసాన్స్ వ్యాక్స్ అని దొరుకుతుంది, మ్యూజియం వాళ్ళు లోహం మీద, కట్టె మీద కూడా వాడతారు. వేలిముద్రల తేమ అంటదు.

ఉట్నూర్_కుర్రోడు
తోలు కవర్‌లో పెడితే సరిపోదా? మంచిది కొన్నా, తుపాకీ లేదు గానీ కవర్ ఉంది 😅

తిరుమలగిరి_సుబేదార్
కవర్‌లో దాచొద్దు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసే రసాయనాలు ఉక్కుని తింటాయి. వానాకాలం ఒక్కటి చాలు. మోసుకెళ్ళడానికే కవర్. కవర్‌లో బంగాళాదుంపలు పెట్టుకో.

డాలస్_బాబాయ్
మనవడూ, ఆ పక్క తలుపు స్ప్రింగ్ ఇక్కడ కొత్తది దొరుకుతుంది. పోస్ట్‌లో పంపనా? చిన్న ముక్క, ఎవడూ చూడడు.

లక్డీకాపూల్_లాయర్
బాబాయ్! తుపాకీ విడిభాగాల దిగుమతికీ లైసెన్స్ కావాలి, సెక్షన్ 10. శంషాబాద్ కస్టమ్స్‌లో ఎక్స్‌రే మిషన్ ముందు "ఎవడూ చూడడు" అనే మాట చెల్లదు. అటు నుంచి అమెరికా ఎగుమతి నియమాలు వేరే.

ఇంకో సంగతి, ఇదివరకు ఎవరో బాగుచేయడానికి తుపాకీని విదేశాలకు పంపితే బాగుంటుందని వేరే చర్చలో అన్నారు. పురావస్తువులు, కళా సంపదల చట్టం 1972 ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కిందికి రావొచ్చు, దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించలేడు. తేవడానికి ఒక చట్టం, పంపడానికి ఒక చట్టం. ఇక్కడే చేయించుకోవాల్సిందే.

పాతసామాన్ల_పిచ్చి
బాబాయ్ ఒక ఉపకారం చేయొచ్చు. వించెస్టర్ ఫ్యాక్టరీ పాత రిజిస్టర్లు వయోమింగ్‌లోని కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియంలో ఉన్నాయి. చాలా సీరియల్ నంబర్లకు ఆ తుపాకీ ఏ తూటాది, ఏ బారెల్, ఏ రోజు గోదాము నుంచి బయటికెళ్ళిందో ఉత్తరం రాసిస్తారు, ఫీజు ఉంటుంది. కాగితమే కాబట్టి కస్టమ్స్ గొడవ లేదు. పలకల బారెల్ ఫ్యాక్టరీదో, తర్వాత ఎవరో మార్చిందో దాంతో తేలుతుంది.

డాలస్_బాబాయ్
అది నేను చూసుకుంటా. మనవడూ నంబర్ ఇక్కడ పెట్టకు, మెసేజ్ చెయ్యి.

సికింద్రాబాద్_శీను
ఇది నకిలీ అయ్యే అవకాశం ఉందా? సరిహద్దు అవతల పాకిస్తాన్‌లోని దర్రాలో అన్ని తుపాకులూ కాపీ కొడతారంటారు కదా. స్పెయిన్‌లో కూడా చేశారని చదివా.

పాతసామాన్ల_పిచ్చి
స్పెయిన్ కాపీ "ఎల్ టిగ్రే", అది 1892 మోడల్‌కి కాపీ, అదీ .44-40 తూటాదే కాబట్టి జనం కలగలిపేస్తారు. 1892కి రెండు పక్కల విప్పే పలకలు ఉండవు, పైన జారే దుమ్ము మూత ఉండదు. మనవడి ఫొటోలో పక్క పలకలు రెండూ కనిపిస్తున్నాయి, పైన మూత జారే గాడి కూడా ఉంది (మూత లేదు, చాలావాటికి పోతుంది). దర్రా కాపీలయితే అక్షరాల్లో స్పెల్లింగే తప్పు ఉంటుంది.

తిరుమలగిరి_సుబేదార్
పక్క పలకలు అన్నారు కాబట్టి చెప్తున్నా. స్క్రూ తీశాక ఆ పలకలు ఊడి రావు. స్క్రూడ్రైవర్ దూర్చి పీకేవాడు ఉంటాడు, అంచు మీద గాటు జన్మలో పోదు. చెక్క సుత్తితో మెల్లగా తడుతూ ఉంటే వాటంతట అవే వదులవుతాయి. స్క్రూడ్రైవర్ కూడా మొన నుంచి పైకి వెడల్పయ్యే మామూలుది పనికిరాదు. మొన రెండు వైపులా సమాంతరంగా, గాడి నిండా కూర్చునేది కావాలి. రాణిగంజ్‌లో మామూలుది కొని, ఆకురాయితో సరిగ్గా ఆ గాడి కొలతకి అరగదీయించాలి. కదలని స్క్రూకి సందుల్లోకి ఇంకే నూనె వేసి ఓపిక పట్టాలి. మీ పనివాడు ఈ మాటలకి తలూపితే పని ఇవ్వు. నవ్వితే తుపాకీ తీసుకుని వేరే లైసెన్స్ ఉన్నవాణ్ణి చూసుకో.

ఇరానీ_చాయ్
బాగయ్యాక ఒక రౌండ్ కాల్చి చూస్తావా? వీడియో పెట్టు.

తిరుమలగిరి_సుబేదార్
లేదు. అది నల్ల తుపాకీమందు కాలపు తుపాకీ. లోపల మోకాలులా మడిచే రెండు లింకులే తూటా ఒత్తిడిని ఆపేది, ఆ ఏర్పాటు బలహీనమైనది. ఇప్పటి పొగలేని మందు కోసం చేసింది కాదు అది. అదీగాక అప్పటి తూటాల ప్రైమర్‌లో (తూటా అడుగున నిప్పు రాజేసే ముక్కలో) ఉప్పులుండేవి, కాల్చాక కడగకపోతే బారెల్ లోపల గుంటలు పడతాయి. లోపల ఎలా ఉందో దీపం పెట్టి చూడకుండా మాట్లాడకూడదు.

కారం_దోశ
అంటే తుప్పు తీయొద్దు, మెరిపించొద్దు, కాల్చొద్దు, గోడకి తగిలించొద్దు, కవర్‌లో పెట్టొద్దు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చెయ్. దీనికన్నా గొర్రెపిల్లని పెంచుకోవడం హాయి.

సికింద్రాబాద్_శీను
@కారం_దోశ నవ్వలేక చచ్చా. అయినా నిజమే కదా, అసెంబ్లీ, పార్లమెంట్, జీహెచ్‌ఎంసీ, ఏడాదికోసారి తుపాకీకి స్టేషన్ పిక్నిక్.

పాతసామాన్ల_పిచ్చి
కారం_దోశ, ఎర్ర తుప్పు తీయమనే చెప్తున్నారు, సరిగ్గా చదువు. మనవడూ, నాన్నని ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీకి తీసుకెళ్ళు. అక్కడ ఏ తుపాకీ అయినా అద్దంలా మెరుస్తోందా చూపించు. చౌమహల్లాలో కూడా ఆయుధాలు ఉన్నాయి.

మెహిదీపట్నం_మనవడు
తీసుకెళ్ళాను. నాన్న అక్కడ ఒక గంట నిలబడ్డాడు, తుపాకుల ముందు కాదు, గడియారం ముందు. తర్వాత ఆయుధాల దగ్గర "ఇవన్నీ ఇలాగే ఉన్నాయేంట్రా" అన్నాడు. బఫింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

డీలర్‌తో మాట్లాడాం. రిపేర్ లైసెన్స్ కాగితం చూపించాడు. ఎర్ర తుప్పు మరిగించి తీయడం, స్ప్రింగులు శుభ్రం చేయడం, కట్టె పగులు అంతే. కట్టె ఒక్కటీ విప్పి రంపంపొట్టు గారికి ఇవ్వొచ్చా అని అడిగితే, తుపాకీ ముక్క ఏదీ షాపు దాటదు, ఆయన్నే రమ్మనండి అన్నాడు. రంపంపొట్టు గారూ, వస్తారా?

రంపంపొట్టు
వస్తా. ఆదివారం అయితే ఖాళీ. సుద్ద, అసిటోన్ నేనే తెస్తా. చాయ్ మీది.

తిరుమలగిరి_సుబేదార్
విరిగిన తలుపు స్ప్రింగ్ సంగతి ఏం చేశారు?

మెహిదీపట్నం_మనవడు
పనివాడు ఇక్కడే ఆకు స్ప్రింగ్ కొట్టి పెడతానన్నాడు.

తిరుమలగిరి_సుబేదార్
పాత ముక్క పారేయకుండా విడిగా చిన్న డబ్బాలో పెట్టించు, రసీదులో రాయించు. కొత్తది పెట్టకపోయినా నష్టం లేదు, కాల్చేది లేదుగా.

లక్డీకాపూల్_లాయర్
మీ చిన్న బాబాయ్ గారి సంతకం?

మెహిదీపట్నం_మనవడు
పెట్టలేదు. అయితే నిన్న ఫోన్ చేసి "ఆ తుపాకీకి వయోమింగ్ నుంచి ఉత్తరం వస్తుందట కదా, అందులో ధర కూడా రాస్తారా" అని అడిగాడు.

డాలస్_బాబాయ్
ధర రాయరు అని చెప్పు. చెప్పాకే సంతకం అడుగు.

కారం_దోశ
సుబేదార్ గారూ, మా నాన్న విజయ్ సూపర్ స్కూటర్ ఒకటి గోడౌన్‌లో ఉంది, దాని తుప్పు కూడా మరిగించొచ్చా?

తిరుమలగిరి_సుబేదార్
అంత పెద్ద గిన్నె దొరికితే మరిగించు.

మోడరేటర్
స్కూటర్లకి వేరే విభాగం ఉంది, కొత్త చర్చ అక్కడ తెరవండి. సీరియల్ నంబర్లు, డీలర్ పేర్లు ఇక్కడ ఎవరూ రాయకండి.